ఒంటి చేతికి ఏ సైజు టీపాట్

ఆగస్టు 4, సోమవారం

ఆ వీడియో మళ్లీ చూశాను. ఇరవై సార్లయి ఉంటుంది.

జపాన్ ముసలాయన. చాప మీద కూర్చున్నాడు. చేతిలో చిన్న మట్టి టీపాట్. పిడి వెనక లేదు, పక్కన ఉంది. పొట్టిగా, సుత్తి పిడి మాదిరి. నాలుగు వేళ్లు పిడి మీద, బొటనవేలు మూత మీద. మణికట్టు తిప్పుతాడు, అంతే. టీ పడుతుంది. జల్లెడ లోపలే ఉందట, ముక్కు మొదట్లో. రెండో చెయ్యి ఒళ్లో ఊరికే పడుంది.

నేను చూసేది ఆ రెండో చేతినే. దానికి పనే లేదు.

మాబు మామకు ఇది కొనాలి.

మా బండల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద ముప్పై ఏళ్లు చేశాడు మామ. షెడ్డులో అందరికీ టీ కాచి పోసేది కూడా ఆయనే. ఇప్పుడు కుడిచెయ్యి మణికట్టు నుంచి లేదు. ఎడమ చేత్తో పట్టకారు పట్టుకుని గిన్నె వంచితే, వడకట్టేది పట్టుకునేదెవరు? పోయిన నెల లింగాలలో వాళ్లింటికి పోయాను. మామ ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని, అత్త చీనీకాయల తోట పని నుంచి వచ్చేదాకా కూర్చున్నాడు. అత్త గడపలోనే మొదలుపెట్టింది. "నీ టీ కోసం నేను సగం కూలికి పరిగెత్తుకొని రావల్లనా?"

"ఆకలైతే ఓర్చుకుంటా గానీ, టీకి ఓర్చుకోలేనే" అని మామ నవ్వాడు.

నేను నవ్వలేదు. నవ్వే మొహమా నాది.

ఆగస్టు 5

ఎవరూ చదవరు. కాబట్టి రాస్తాను.

స్విచ్చి వేసింది నేను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. స్విచ్చి వేసేవాడు "చెయ్ తియ్!" అని అరవాలి. మిషన్ దగ్గరున్నవాడు "తీసినా!" అని బదులు అరవాలి. ఆ బదులు చెవిన పడేదాకా స్విచ్చి ముట్టకూడదు. నాకు నేర్పింది మామే. మొదటి రోజు ఒకసారి మరిచిపోతే నా వీపు మీద ఒకటి వేసి నేర్పాడు.

ఆ రోజు రాయి ఇరుక్కుని బ్లేడు ఆగింది. మామ స్విచ్చి దించి, వంగి, ముక్క తీస్తున్నాడు. నన్నేమో ఓనరు అప్పుడే అందరి ముందు తిట్టాడు, ఒక పగిలిన బండకు, నేను పగలగొట్టనిదానికి. తల మండిపోతోంది. వచ్చాను. ఓనరు చెంప మీద కొట్టినట్టు స్విచ్చి కొట్టాను.

అరవలేదు.

తర్వాత ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. "కరెంటు పోయి వచ్చిందని చెప్పు. ముసిలోడు స్విచ్చి దించకుండా చెయ్యి పెట్టినాడు. అంతే. నీ మంచికే చెప్తాండా."

తలూపాను. అందరి మీదా అరిచే ఈ నోరు, ఆ పూట మాత్రం ఊఁ అంది.

ఆగస్టు 6

మామ నమ్మాడు. అదే నన్ను తినేస్తోంది. "దించినా అనుకున్యా రా. దించలేదేమో. ముసిలి బుర్ర." పోయినసారి రెండుమార్లు అన్నాడు. తలకాయ మీద ఆ మొండిచేత్తోనే కొట్టుకున్నాడు.

ఆగస్టు 7

ఆ టీపాట్ పేరు క్యూసు అంట. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు సైజులు ఇచ్చాడు: 150, 200, 280, 360, 500. అన్నీ మిల్లీలీటర్లు. ఇంగ్లీషు ఒక్కో ముక్క ఫోనులో వెతుక్కుని చదివాను. పెద్దది కొంటే మంచిదనుకోవద్దు అంటాడు. పాట్ సగమే నింపితే టీ చప్పబడుతుందట. ఎంతమంది తాగుతారో లెక్క చూసుకుని అంతకు సరిపడా కొనమంటాడు.

మిల్లీలీటరంటే నాకేం తెలుసు. రూములో పారేసిన క్వార్టర్ సీసా ఉంది. దాని మీద 180 అని రాసుంది. కడిగి, నీళ్లు నింపి, టీ గ్లాసుల్లో పోశాను. సరిగ్గా రెండు గ్లాసులు.

అంటే గ్లాసుకు తొంభై. ఇంత తెలుసుకోవడానికి నాకు మందు సీసా కావాల్సి వచ్చింది.

మామకు షుగరు. పాలు, చక్కెర మానిపించారు. డికాషన్లో అల్లం, నిమ్మకాయ. ఈ పాట్‌కు అదే సరి. నీళ్లు కాచడానికి కరెంటు కెటిల్ వాళ్లింట్లో ఉంది. మీట నొక్కితే చాలు.

మీట.

ఆగస్టు 8

డ్యూటీ ముగించుకుని ప్రొద్దుటూరు పోయాను. ఆన్‌లైన్‌లో కొనే ముందు చేత్తో పట్టి చూద్దామని. పాత్రల అంగడి శెట్టికి ఫోనులో బొమ్మ చూపించాను.

"ఏందప్పా ఇది, ముక్కొక దిక్కు, తోకొక దిక్కు?"

"జపాన్‌ది అన్నా. ఒక చేత్తోనే పోయొచ్చు."

"రెండో చేత్తో ఏం చేస్తావు, మీసం తిప్పుతావా? స్టీలుది తీసుకోప్పా. కింద పడినా మోగుతాది గానీ పగలదు."

అంగట్లో వాళ్లంతా నవ్వారు. కొట్టాలనిపించింది. కొట్టలేదు. మంచోడినై కాదు. కొట్టిన చెయ్యి ఏం చేస్తుందో ఒకసారి చూశాను కాబట్టి.

ఆగస్టు 10, ఆదివారం

ఎంతమంది? ఇదే తెగడం లేదు.

మామ, అత్త. రెండు గ్లాసులు, 200 చాలు. కానీ మామ షెడ్డులో ఎప్పుడూ అనేవాడు, "ఒక్కడే తాగితే అది టీ కాదురా, కషాయం" అని. వచ్చినవాడికి గ్లాసివ్వకపోతే ఆయనకు మనసొప్పదు. అయితే 280. మూడు గ్లాసులు.

మూడోది ఎవరిది?

చుట్టాలది అని రాసుకున్నాను. కొట్టేశాను. నాది. ఆ ఇంట్లో నాకొక గ్లాసు నేనే లెక్కపెట్టుకుంటున్నాను. సిగ్గు లేదు.

ఇక బరువు. 360 అయితే నీళ్లు, మట్టి కలిసి ముప్పావు కిలో దాకా వస్తుంది. లీటరు సీసాలో నీళ్లు, ఇసుక నింపి నా ఎడమ చేత్తో పట్టుకుని వంచాను. ఐదుసార్లకే మణికట్టు లాగింది. 280 బరువుకు తగ్గిస్తే లాగలేదు.

అన్నీ చూసుకుంటున్నాను. అన్నీ.

ఆగస్టు 11

ఆర్డరు పెట్టాను. 280.

ఆగస్టు 15

ఫ్యాక్టరీ సెలవు. పాట్ ఇంకా రాలేదు. చేతులు ఊరికే ఉంటే నాకు భయం.

ఆగస్టు 19

వచ్చింది. మా జమ్మలమడుగుకు తేలేమన్నారు, ప్రొద్దుటూరు కొరియర్ ఆఫీసుకు పోయి తెచ్చుకున్నాను. బస్సులో బిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాను.

ఇటుకరాయి రంగు. అరచేతిలో కూర్చుంది. నీళ్లు నింపి పోశాను. పదిసార్లు. బొటనవేలు మూత మీదికి దానంతటదే పోతుంది. ఒక్క చుక్క పక్కకు పడలేదు. మూడు గ్లాసులు, అంచుల దాకా.

బతుకులో ఒక్క పని సరిగ్గా చేశాననిపించింది.

ఆగస్టు 21

ముందు పాట్ ఇచ్చి తర్వాత చెబితే, అది లంచం. ముందు చెప్పి తర్వాత ఇస్తే, ఆయన తీసుకోడు.

ఏది ముందు?

ఆగస్టు 24, ఆదివారం

పోయి వచ్చాను.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, లింగాల. దారి పొడుగునా "మామా, ఆ పొద్దు..." అని నోట్లోనే అనుకుంటూ పోయాను. గడపలో అత్త ఎదురైంది. డబ్బా విప్పిచూసి నోరు నొక్కుకుంది.

"ఏంది నాయనా ఇది? మసీదు కాడ కాళ్లు కడుక్కునే బదనా చెంబు మాదిరుండాదే!"

"జపానోళ్ల బదనా లేవే" అని మామ ఒకటే నవ్వు. "రేయ్, నా కోసం జపాన్ దాకా పోయినావా?"

ఆ నవ్వు చూశాక డబ్బా ఆయన ఒళ్లో పెట్టాను. ముందు ఇచ్చేశాను. లంచమే.

"మీట నొక్కురా" అన్నాడు మామ కెటిల్ చూపించి. నొక్కాను. ఎట్లా నొక్కానో నాకే తెలుసు.

ఆకు వేశాను, అల్లం వేశాను, నీళ్లు పోశాను. మామ చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. మూడు గ్లాసులు వరసగా పెట్టుకున్నాడు. చిన్నపిల్లోడి మొహం. ఎడమ చెయ్యి పిడి మీద వేశాడు.

ముక్కు బయటికి తిరిగింది. గ్లాసులు ఇటుంటే ముక్కు అటు.

పాట్‌ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గ్లాసులను ఎడమ పక్కకు జరుపుకున్నాడు. పోయాలంటే మణికట్టును వెనక్కి విరవాలి. విరిచాడు. బొటనవేలు మూత మీద నిలవలేదు. మూత ఒళ్లో పడింది, టీ చాప మీద పడింది. అత్త గుడ్డ తెచ్చింది. ఆమె ఏమీ అనకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తెలిసింది నాకు. గ్లాసు కొలిచాను. నీళ్లు కొలిచాను. బరువు కొలిచాను. పిడి ఏ పక్కన ఉందో చూడలేదు. వీడియోలో ముసలాయన పోసింది కుడిచేత్తో. రూములో పదిసార్లు నేను పోసిందీ కుడిచేత్తోనే. మామను తలుచుకుంటే నా కళ్లకు రెండు చేతులూ కనిపిస్తాయి, ఇప్పటికీ.

మామ పాట్ తిప్పి తిప్పి చూశాడు. "ఇది నీ చేతిది రా. నా చేతిది కాదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"సైజు మాత్రం శానా బాగా కుదిరింది. పోయ్, నువ్వే పోయ్. చల్లారుతాది."

పాట్ మళ్లీ నింపాను. పోయడానికి వంచాను. పక్కకు జరిగిన గ్లాసును సరిచేయడానికి మామ ఎడమ చెయ్యి ముందుకు పెట్టాడు. ఉన్న ఒక్క చెయ్యి. సరిగ్గా ముక్కు కింద.

"చెయ్ తియ్!"

అరిచాను. షెడ్డులో అరిచినట్టు. గోడ మీద బల్లి కదిలింది.

"తీసినా!" అన్నాడు మామ.

ఆలోచించి అన్నది కాదు. ముప్పై ఏళ్ల నోరు.

పోశాను. మూడు గ్లాసులు. సరిపోయింది. అత్త తన గ్లాసు తీసుకుని వసారాలోకి పోయింది. మామ తాగలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఆ పొద్దు ఈ మాట ఇన్యట్టు నాకు గుర్తు లేదురా."

అడిగాడా? తనలో తను అనుకున్నాడా? తెలియదు. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను.

"టీ చల్లారుతాంది మామా" అన్నాను.

థూ.

వచ్చేటప్పుడు పాట్ డబ్బాలో పెట్టబోతే మామ ఆపాడు. "ఈడ్నే ఉండనీ. పోసేవాడు ఈడికి రావల్ల గానీ, అదెందుకు నీ ఎనక తిరిగేది? వచ్చే ఆదివారం రా."

ఆగస్టు 26

ఓనరు ఇంకో బండకు తిట్టాడు. పలకలేదు. వాడు పోయాక స్విచ్చి దగ్గరికి పోయి "చెయ్ తియ్" అని అరిచాను. బదులు వచ్చింది. మళ్లీ అరిచాను. మళ్లీ వచ్చింది. మూడోసారి అరిస్తే మిషన్ దగ్గరున్నవాడు తలెత్తాడు, "ఏంరా, చెవుడా?"

ఆగస్టు 28

ఎడమచేతివి కూడా ఉన్నాయి. పిడి అటు పక్కన. వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది. 280 కూడా ఉంది.

అది వస్తే మామ తానే పోసుకుంటాడు. ఎవరి దోవా చూడనక్కర్లేదు. నేను పోనక్కర్లేదు. చెప్పనక్కర్లేదు.

అందుకే వెతికానా?

ఆగస్టు 30, శనివారం

ఎడమచేతిది ఆర్డరు పెట్టాను. పది రోజులు పడుతుందట. అది ఆయనది, ఆయనకు చేరాలి. అది వచ్చేదాకా పోసే చెయ్యి నాదే. అది వచ్చాక నాకు సాకు ఉండదు.

రేపు పొద్దున్నే తొలి బస్సు. మొదటి మాట దొరికింది. "ఆ పొద్దు నేను అరవలేదు మామా." అంతే. మిగతాది ఆయనే అడుగుతాడు. ఇంకో గ్లాసు పోయమంటాడో, పాట్ తీసుకుని పొమ్మంటాడో.

కాగితం మీద బాగానే ఉంది. పైకి అని చూశాను, రూములో ఒక్కడినే.

"ఆ పొద్దు నేను..."

మళ్లీ అనాలి.