పద్నాలుగు మందికి ఒక్క గౌను

జపొరీజియా,
18 మే 1998

అమ్మమ్మా,

నీ తమీలా దండాలు. అందరం బాగున్నామని రాయడానికి ఇక్కడున్నది నేనొక్కదాన్నే, ఆ ఒక్కదాన్నీ బాగున్నాను. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన ఎండు చెర్రీలు హాస్టల్ గదిలో నలుగురం రెండు రోజుల్లో ఊడ్చేశాం. ఫ్యాక్టరీలో అంత ఎత్తున క్రేను మీద భయం వేయదా అని అడిగావు. వేయదు. పైన కూర్చుంటే మేస్త్రీ తిట్లు వినపడవు, అదే హాయి. పోయిన వారం మాత్రం దిగి వచ్చి మరీ పోట్లాడాను. కాగే ఇనుము తొట్టి కింద మనుషులుండగానే లాగమన్నాడు. "వాళ్ళు కదిలేదాకా నా చెయ్యి కదలదు" అన్నాను. "పల్లెటూరి నోరు" అన్నాడు. ఈ నోరు నీ పెంపకం కాదులే. నువ్వు ఎవరేమన్నా తలదించుకునే మనిషివి.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. "జర్మనీలో దిగిన నా ఫోటోను పొయ్యిలో వేసేస్తాను, ఎలాగూ మొహం ఎలుకలు కొట్టేశాయి, నేను పోయాక దాన్ని చూసి ఊరు నవ్వకూడదు" అని రాశావు. ఆగు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు అగ్గిపెట్టె ముట్టుకోకు.

నిన్న ఆదివారం యూనియన్ వాళ్ళు మమ్మల్ని మ్యూజియంకి తీసుకెళ్ళారు. యుద్ధంలో జర్మన్లు రైళ్ళలో ఎత్తుకుపోయి వెట్టిచాకిరీ చేయించిన వాళ్ళ కోసం కొత్తగా ఒక గది తెరిచారు. నేను వెళ్ళింది టీ, బన్ను కోసం, అబద్ధమెందుకు. లోపల చెక్క చెప్పులు, సొట్టలు పోయిన గిన్నె, ఒక నీలం గుడ్డముక్క. దాని మీద తెల్లగా 'తూర్పు' అని జర్మన్ అక్షరాలు. తూర్పు నుంచి పట్టుకుపోయిన మనవాళ్ళందరూ దాన్ని గుండెల మీద కుట్టుకోవాలట. గొడ్డుకి వాత పెట్టినట్టు! నెత్తురు ఉడికిపోయింది. అక్కడిదాకా నాకు అలవాటైన కోపమే.

తర్వాత గోడ దగ్గరికి వెళ్ళాను. పద్నాలుగు ఫోటోలు, పద్నాలుగు మంది ఆడపిల్లలు. అందరూ నీలాగే తెల్ల కాలరు గౌను తొడుక్కుని, నీలాగే గుండెల దగ్గర పూలగుత్తి పట్టుకుని నవ్వుతున్నారు. దగ్గరికి జరిగి చూశాను. ఒక పిల్ల గౌనుకి మూడో గుండీ నల్లది. పక్క పిల్లకీ మూడోదే నల్లది. ఆ పక్క పిల్లకీ అంతే. లావుపాటి పిల్లకి చంకల్లో బిగుసుకుపోయింది, బక్క పిల్లకి భుజాల మీంచి జారుతోంది.

గదికి కాపలా ఉండే హన్నా పెత్రివ్నా కుర్చీలోంచే అరిచింది.

"అద్దానికి ముక్కు ఆనించకే పిల్లా, తుడవలేక చస్తున్నా!"

"పెద్దమ్మా, ఇదంతా ఒక్కటే గౌనా?"

"బ్యారక్ మొత్తానికి మంచిదని ఉన్నది అదొక్కటే. వంతులేసుకుని తొడుక్కునేవాళ్ళంట."

"మరి పూలు?"

"అవీ ఒక్క గుత్తే, కాగితం పూలు." మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది. "అందరూ కుడివైపే ఎందుకు పట్టుకున్నారో చూడవేం? ఆ నీలం గుడ్డ పీకితే తన్నులు. దానితోనే ఫోటో దిగి పంపితే ఇంటి దగ్గర అమ్మ గుండె పగులుద్ది. అందుకని దాని మీద పూలు."

అమ్మమ్మా, ద్నీపర్ ఆనకట్టను మొదటిసారి చూసినప్పుడు కూడా నా నోరు మూతపడలేదు. ఆ గోడ ముందు పడింది. టీ చల్లారిపోయింది, బస్సువాడు హారన్ కొడుతున్నాడు, నేను మళ్ళీ మొదటి పిల్ల దగ్గర్నుంచి ఒక్కో ఫోటో చూసుకుంటూ వచ్చాను. కడుపు మాడుతున్న పిల్లలు ఒక గౌను, ఒక పూలగుత్తి చేతులు మార్చుకుంటూ, పద్నాలుగు మంది తల్లుల్ని నిద్రపోనిచ్చారు.

చివరి ఫోటో నీది. నీతో ఉన్నావిడెవరో దాచుకుంటే వాళ్ళ పిల్లలు తెచ్చి ఇచ్చారట. పంతొమ్మిదేళ్ళ నీ మొహం మీద నా ముక్కు. కింద 'పేరు తెలియదు' అని రాసి ఉంది.

ఇప్పుడిక దాచను. మన ఫోటోను ఎలుకలు కొట్టలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, విజయ దినం నాడు, యుద్ధం చేసొచ్చిన పనాస్ తాత పతకాలు గలగలలాడించుకుంటూ బడి ముందు అందరిలో అన్నాడు: "మేం బురదలో చస్తుంటే మీ అమ్మమ్మ అక్కడ షోకు చేసుకుని పూలతో ఫోటోలు దిగిందే!" ఇంటికొచ్చి మేకు తీసుకుని నీ మొహం గీకేశాను. నువ్వు ఎలుకలనుకుని పిల్లిని తెచ్చావు. అది పాలు తాగుతూ నా వంకే చూసేది. పదిహేనేళ్ళు నోరు విప్పలేదు. మేస్త్రీ మీద లేచే నోరే ఇది.

హన్నా పెత్రివ్నా పెన్ను తీసింది. "తెలిసిన మనిషా? పేరు చెప్పు, రాసుకుంటా."

మోత్రియా అన్న నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఒకసారి నిన్నడక్కుండా నీ మొహం తీసేశాను. మళ్ళీ నిన్నడక్కుండా పేరు పెట్టలేను.

"ఆవిణ్ణి అడగాలి" అన్నాను.

"అడుగు. యాభై ఏళ్ళు ఆగింది, ఇంకో వారం ఆగలేదా!"

చెప్పమంటే పరిగెత్తుకెళ్ళి గది అదిరేలా చెబుతాను. వద్దంటే ప్రతి ఆదివారం వెళ్ళి నీ ముందు నోరు మూసుకుని నిలబడతాను. తిట్టాలనుంటే తిట్టు, ఈసారి తలదించుకునేది నేను. ఫోటో మాత్రం పొయ్యిలో వేయకు. అందులో మొహం లేకపోయినా పూలున్నాయి.

ఇట్లు,
నీ ఇంటి ఎలుక,
నీ మనవరాలు తమీలా