విరిగింది మణికట్టే, ఉయ్యాల మళ్ళీ కట్టండి

ఈ వృద్ధాశ్రమం కింది అంతస్తులో చివరి గదిలో ఉంటూ, అందరిచేతా డ్రిల్లు టీచరు అని పిలిపించుకునే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. విరిగింది కుడి మణికట్టు, బుర్ర కాదు. డాక్టరు గారు ఆ ముక్క కాగితం మీద రాసిచ్చారు కూడా.

1. పెరట్లో ఉయ్యాల మీద నిలబడి ఊగమని నన్నెవరూ అడగలేదు. నా సరదా కొద్దీ ఊగాను, పడ్డాను. ఇకముందు పడ్డా, పడి పోయినా, నా వారసులెవరూ ఆశ్రమం మీద కేసు పెట్టకూడదు.

2. ఉయ్యాల విప్పించి స్టోరు రూములో పెట్టి తాళం వేసిన సూపర్వైజరమ్మకు నా ఈల. "ఏమైనా అయితే నా పీకల మీదికొస్తుందండీ" అంటుంది పాపం. మంచి పిల్లే. గోడలకు కడ్డీలు, వేళకు మాత్రలు, మెత్తటి చెప్పులు, అన్నీ అమర్చింది. పొద్దున్నే లేవాలనిపించే పని ఒక్కటీ మిగల్చలేదు. ఉయ్యాల ఉన్నన్నాళ్ళూ వంతుల కోసం ఎంత కొట్లాట, ఎంత గోల!

3. మంచం దిగనని మొండికేసిన బ్యాంకు మామ్మ కూడా జడ వేసుకుని మరీ వచ్చేది. ఇప్పుడు మళ్ళీ మంచమెక్కేసింది. ఆవిడకు నా కాన్వాసు బూట్లు. పెద్దవవుతాయి, గుడ్డలు కుక్కుకోవాలి.

4. పెళ్ళైన కొత్తలో "మగరాయుడిలా ఆ పరుగులేంటి" అన్న ఆడపడుచుకు చిల్లిగవ్వ లేదు. ఆవిడకు చెవుడు కాబట్టి ఈ క్లాజు గట్టిగా చదవాలి.

5. ఇదంతా అమలు చేయించే బాధ్యత కోడలిది. నా కొడుకును కదిలించగలిగేది ఆ పిల్లొక్కతే.

6. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా కొడుక్కే. షరతు పెడదామనుకున్నాను, మనసొప్పలేదు. మా ఇంటివాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితే ఉయ్యాల మళ్ళీ కడతామని ఆశ్రమం వాళ్ళన్నారు. నువ్వేమో "ఈ వయసులో ఉయ్యాలేంటమ్మా" అని సంతకం పెట్టనన్నావు. ఒరేయ్ నాన్నా, నువ్వు హడలిపోయావని నాకు తెలుసురా. చిన్నప్పుడు నువ్వూ ఉయ్యాల మీంచి పడి పెదవి చిట్లగొట్టుకున్నావు. నేనూ నీలాగే హడలిపోయాను. అయినా మర్నాడు నేనే ఎక్కించి ఊపాను. ఏడుస్తూ ఎక్కావు, దిగనని ఏడ్చావు. నేను పోయాక ఎలాగూ కదలను, అప్పుడు ఎంత జాగ్రత్తగా పడుకోబెట్టుకుంటావో నీ ఇష్టం. ఇప్పుడు మాత్రం సంతకం పెట్టి, వచ్చి ఒక్క ఊపు ఊపు.

తేదీ: ఉయ్యాల విప్పేసిన పదో రోజు, గురువారం.

సంతకం: ఎడమ చేత్తో, వంకరగా, మనస్ఫూర్తిగా, డ్రిల్లు టీచరు.

సాక్షులు: ఆశ్రమం వంటాయన, ఎదురు గది రిటైర్డ్ పోస్టుమాన్. సాక్షులకు ఆస్తి రాయకూడదని ప్లీడరు గారన్నారు. ఉయ్యాలలో వంతు ఆస్తి కిందికి రాదు కాబట్టి, నా తర్వాత ఎక్కేది వీళ్ళే.