తమ్ముడి సంఘం

గోదావరిఖని, గురువారం రాత్రి

ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లలో వేసిచ్చే దుకాణదారులు సంఘం పెట్టుకోవడానికి ఈరోజు మా ఇంట్లో కూర్చున్నారు. విడివిడిగా ఉంటే పెద్ద పనులు దొరకవని తమ్ముడు రవి తిరిగి తిరిగి అందరినీ ఒప్పించాడు. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు కావాలి. ఆరుగురు సంతకం చేశారు. ఏడోవాడు శ్రీను పెన్ను కింద పెట్టాడు.

“అన్నా, బాపు పానం బాగలేక దిగిపోతే, ఆయన బొగ్గుబాయి నౌకరి నాకు రావాలె. సంఘంల పేరుంటే బాయి ఆఫీసోళ్లు నన్ను పక్కకు పెడ్తరు.”

“ఇది బాయి యూనియన్ కాదుర, దుకాణపోళ్లది!” అన్నాడు రవి.

“ఆఫీసుల గిదంత ఎవరింటరు అన్నా?”

అందరూ వెళ్లాక రవి అన్నం ముట్టలేదు. “అక్కా, నువ్వన్న చెప్పు వానికి” అన్నాడు.

దీపం ముందు కూర్చుని తమ్ముడి సంఘం కోసం మొక్కబోయాను. దగ్గుతూనే షిఫ్టుకు వెళ్తున్న శ్రీను తండ్రి గుర్తొచ్చాడు. ఏమీ అడగకుండానే లేచాను.