బిస్కెట్టు ఉమ్ముటకు అనుమతి

బిస్కెట్ల ఫ్యాక్టరీ మేనేజరు గారి సముఖమునకు, రుచి చూచు విభాగములో పనిచేయుచు, అందరిచేతా 'నాలుక' అని పిలిపించుకొను ఉద్యోగి పెట్టుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కంపెనీ బిస్కెట్టును మింగక ఉమ్మితినని ఇచ్చిన మెమో రద్దు చేసి, ఉమ్ముటకు ఒక గిన్నె మంజూరు చేయుట గురించి.

1. బట్టీలోంచి దిగిన ప్రతి వాయిలో ఒక బిస్కెట్టు తిని, బాగుందో లేదో చెప్పుట నా ఉద్యోగము. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. యాభై దాటాను. ఇన్నేళ్ళలో ఒక్క వాయి కూడా నా నాలుకను మోసగించలేదు. నడుము మాత్రం ఘోరంగా మోసపోయినది.

2. ఈ మధ్య నా మెడ నల్లబడినది. మా ఆవిడ మురికనుకుని పీచు పెట్టి తోమినది. తోలు ఊడింది గానీ నలుపు పోలేదు. డాక్టరు గారికి చూపించుకొంటిని. "ఒంట్లో ఇన్సులిన్ బోలెడు తయారవుతోందయ్యా. ఒళ్ళే దాని మాట వినడం లేదు" అన్నారు.

"మా ఇంట్లో నా పరిస్థితీ అదేనండి" అన్నాను. నవ్వలేదు.

"షుగరు గుమ్మం దాకా వచ్చింది. తీపి మానేస్తే వెనక్కి పంపొచ్చు. ఇంతకీ ఏం పని చేస్తావు?"

చెప్పాను. అప్పుడు నవ్వారు.

3. మా ఆవిడ చక్కెర డబ్బాకు తాళం వేసినది. "ఇంట్లో వేశాను సరే, మీ ఫ్యాక్టరీకి ఎలా వెయ్యను? నమిలి ఉమ్మెయ్యరాదూ!" అన్నది. కావున మెమోలో సగం ఆవిడకు చెందును.

4. గిన్నె అడిగితే స్టోర్సు వారు "అలాంటి సామాను మా దగ్గర ఉండదు, పో" అన్నారు. అందుచేత గోడకున్న సలహాల పెట్టె మూత ఎత్తి అందులో ఉమ్ముచుంటిని. చీమలు బారులు తీరేదాకా దాన్ని ఎవరూ తెరిచి చూడలేదని తమరు గమనించగలరు.

5. సరుకు కొనే వ్యాపారులు ఫ్యాక్టరీ చూడవచ్చిన రోజున, నేను ఉమ్మడం చూసి ఒకాయన "ఏం, బాగోలేదా?" అన్నారు. "బాగుంది కాబట్టే ఉమ్ముతున్నానండి. బాగోకపోతే మింగాలనే అనిపించదు కదా!" అన్నాను. కంపెనీని పొగిడినందుకు మెమో ఇచ్చుట న్యాయమా?

6. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న పెద్దాయనే నాకు పని నేర్పారు. ఆయన ప్రతి బిస్కెట్టూ నమ్మకంగా మింగారు. కాలివేళ్ళు తీసేశారు. చూపు పోయింది. మొన్న చూడబోతే, గొంతు గుర్తుపట్టి "ఒరేయ్, మింగుతున్నావా?" అని అడిగారు. ఇంకేమీ అడగలేదు. సార్, నాకు భయంగా ఉంది.

7. నాలుకకు జీతమిచ్చుచున్నారు, అది కంపెనీదే. కడుపు నా సొంతము. సోమవారం లోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం తీసేస్తామన్నారు గనుక, ఇదే నా సంజాయిషీ. ఈ పని తప్ప నాకు ఇంకేమీ రాదు.

తమ నోట్లో ఏమీ లేని సమయం చూసుకుని దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు (కడుపు మినహా),
నాలుక

తా.క.: మొన్న కొత్త క్రీము బిస్కెట్టు తమ గదికి పంపితే 'అద్భుతం' అని రాసి పంపారు. ఆ అద్భుతం తమ కిటికీ కింద నా సైకిలు సీటు మీద దొరికింది, శుభ్రంగా నమిలినది. తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. తమ మెడ నల్లబడి ఉంటే మాత్రం పీచుతో తోమించుకోకండి సార్, మంట. గిన్నెలు రెండు తెప్పించండి. మూత ఉన్నది తమరే ఉంచుకోండి.