డ్రమ్స్ వాయించిందెవరు?

శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర

అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ మర్యాద చూసి నవ్వుకుంటావని తెలుసు. ఏం చేయను? నాలుగు నెలలుగా నా ఫోన్ ఎత్తడం లేదు. తిన్నగా మాట మొదలుపెట్టే ధైర్యం పోయింది.

మన బ్యాండు మొదటి పాట నిన్న పొద్దున విడుదలైంది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కళ్లద్దాల దుకాణంలో ఒక పెద్దాయనకు చదువుకునే అద్దాలకు బదులు దూరపు చూపువి బిగించి ఇచ్చాను. పేపరులో అక్షరాలన్నీ అలుక్కుపోయాయని ఆయన గోల. ఓనరమ్మ నా మొహం చూసి, ఈ రెండు రోజులూ ఇంట్లోనే ఉండమంది. ఇంట్లో ఉండి చేసిందేముంది, రెండుసార్లు పాలు పొంగబెట్టడం తప్ప.

రికార్డింగు స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకు. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన ఒక గది, గోడలకు పాత పరుపులు. నీ స్థానంలో డ్రమ్స్ వాయించడానికి వచ్చినతను మంచివాడు, నీలా అందరిమీదా కస్సుమనడు. పదకొండుసార్లు వాయించాడు. తాళం లెక్క ఒక్కసారీ తప్పలేదు. అయినా సౌండు ఇంజనీరు పెదవి విరుస్తూనే ఉన్నాడు. పాట నడుస్తోంది గానీ పరుగెత్తడం లేదన్నాడు. సాయంత్రానికి ఎలాగో అయిందనిపించాం.

ఇవాళ పొద్దున రేడియోవాళ్లు పిలిచారు. నా గొంతు గురించి ఏమంటారోనని కాచుకుని కూర్చున్నాను. యాంకరమ్మ ఆ ఊసే ఎత్తలేదు.

"ఈ డ్రమ్స్ వింటుంటే కూర్చోబుద్ధి కావట్లేదు. ఎవరండీ వాయించింది?" అని అడిగింది.

గిటారు వాయించే మన పొడుగు తడుముకోకుండా కొత్తతన్ని చూపించాడు. అతను తల వంచుకుని, దాహమేస్తోందని బయటికి వెళ్లిపోయాడు. తర్వాత మెట్ల మీద అతనూ నేనూ మాట్లాడుకున్నాం. ఆ మాటలయ్యాకే ఈ కాగితం తీశాను.

నువ్వు లేకపోయినా ఈ పాట ఆగదని ఆ రోజు అందరి ముందూ అన్నాను. అనకుండా ఉండాల్సింది. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

తా.క.: అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. పాటలో డ్రమ్స్ నీవే. మనం గొడవపడ్డ రోజు రిహార్సల్‌లో నీ డ్రమ్స్ మైకు విడిగా రికార్డవుతూనే ఉంది. దాన్ని దాచి, ఇంజనీరుకు ఇచ్చింది నేనే. నిన్ను అడగలేదు, నీ పేరూ వేయించలేదు. వేయిస్తే నువ్వు లేకుండానే చేశామని చెప్పుకోలేను కదా. మెట్ల మీద కొత్తతను ఒక్కటే అన్నాడు: "అక్కా, ఇంకోసారి అడిగితే నేను అబద్ధం ఆడను." సంగతి బయటపెట్టడానికి పొడుగు ఒప్పుకోలేదు, వాడితో పోట్లాడాను. పాట విడుదల చేసినవాళ్లకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను. నువ్వు సరేనంటే పేరు వేస్తారు, కాదంటే పాటే తీసేస్తారు. ఏదైనా నీ ఇష్టం. కానీ చెప్పేముందు చివరిదాకా విను. డ్రమ్స్ ఉన్నట్టుండి ఆగిపోయి, ఏదో నేల మీద పడ్డ చప్పుడవుతుంది. అందరికీ తెగ నచ్చింది అదే. నువ్వు పుల్లలు విసిరేసి వెళ్లిపోయిన చప్పుడది. నేను మాత్రం అక్కడికి వచ్చేసరికి పాట ఆపేస్తున్నాను.