నాన్న స్తంభానికి చెదలు

పూజ్యులైన పాస్కాలిస్ అన్నయ్యకు,

విందు ముగిశాక, పోయిన నాన్న పేరిట ఆయన రూపంతో చెక్కిన స్తంభాన్ని మనకు తిండికి పిండినిచ్చే సాగో చెట్ల తోటలో వదలక, అతిథులకు చూపడానికి ఇంట దాచి, నేను పోగుచేసిన వస్తువుల జాబితాలో ఇరవై మూడవదిగా చేర్చిన తప్పు నాదే. అందుకే మీరు నా గడప తొక్కడం మానేశారు.

"అది కుళ్ళితేనే కదరా మీ నాన్న బలం చెట్లకెక్కేది! ఆయన్ని చూరుకింద కట్టేశావేంట్రా, జాబితాల మారాజా?" అని రుఫీనా అత్త పడవలోంచే తిట్టింది.

కిందటి నెల ఏటికి పోటు వచ్చే వేళ చూసుకుని, అత్తా నేనూ దానిని పడవలో తోటకు చేర్చాము. నిన్న వెళ్ళి చూస్తే భుజం మెత్తబడింది, ముక్కుకు చెదలు పట్టాయి. నా గుండె బరువు దిగింది.

"రాసుకోరా, చెదలెన్నో!" అని అత్త నవ్వింది.

లెక్కపెట్టలేదు అన్నయ్యా. సాగో కాల్చి ఉంచుతాను, భోజనానికి రండి.

మీ తమ్ముడు