ఇరవై నాలుగో మేకు

అక్టోబర్ 6, 2025. సోమవారం

నా కొడుకు జస్టిన్ నోటుబుక్కులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులోనే రాస్తున్నా. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉండనీ, చూసేదెవరు.

వాడు పోయి రెండున్నర నెలలు. మలేరియా మెదడుకెక్కింది. దవాఖానాలో నాలుగు రోజులు. అంతే.

వాడి చెక్క గోడకే ఉంది. ప్లైవుడ్డుకి ఆకుపచ్చ గుడ్డ అతికించి ఇరవై నాలుగు మేకులు కొట్టాడు. ఇరవై మూడింటికి మిల్ట్రీ టోపీ బిళ్లలు ఉన్నాయి. మిల్ట్రీ సెలక్షన్‌లో ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గిందని పంపేశాక మొదలుపెట్టాడు ఇది. ఒక్కో బిళ్లకి ఒక్కో పేజీ. పటాలం పేరు, పుట్టిన సంవత్సరం, ఏ యుద్ధాలు చేసింది. కింద "అసలా, నకలా" అని. అన్నిటికీ నకలు అనే రాశాడు. ఎక్కడా దాచలేదు.

ఇరవై నాలుగో మేకు ఖాళీ. పేజీలో కూడా ఒక్క ముక్కే. "హైదరాబాద్ రెజిమెంట్. సింహం, చేతిలో సిలువ." అమ్మా, గిది నీకోసం, ఆఖర్న తెస్త అన్నాడు.

నవంబర్ రెండున సమాధుల పండుగ. పోయినేడు వాడే నాయనమ్మ సమాధికి సున్నం వేశాడు. ఈసారి వాడి సమాధికి మేం వెయ్యాలి. ఆ రోజుకి ఈ చెక్క నిండాలి. నిండిన చెక్కే తీసుకుపోయి వాడికి చూపిస్తా.

అక్టోబర్ 7

కూతురు స్తుతి, జస్టిన్ బిళ్లలు తెప్పించుకునే ఢిల్లీ దుకాణానికి ఫోన్లో మెసేజ్ పెట్టింది. హైదరాబాద్ సింహం బిళ్ల కావాలని నేనే చెప్పి రాయించా.

మా ఆయన యోనా చూసి, నకిలీ బిళ్లలు ముంగటేసుకొని ఎన్ని దినాలు కూసుంటవే, వాడు మిల్ట్రీ అని అబద్ధం జెప్పినట్టు ఉంటది అన్నాడు. పోయిన కొడుకు మీద కూడా అదే మాట. వాడుంటే సమాధానం చెప్పేవాడు. నకిలీ అంటే మోసం జేసుడు నాయనా, నకలు అంటే జూసి రాసుడు, అమ్మ బైబిల్ ఏమన్న మోషే చేతిరాతనా అనేవాడు. నాకు అంత చక్కగా చెప్పడం రాదు. గిన్నెలు గట్టిగా పెట్టా.

అక్టోబర్ 15

పార్సిల్ వచ్చింది. సింహం ఉంది. ఒకటి కాదు, మూడు! మూడు సింహాల పోలీసు టోపీ బిళ్ల పంపారు. హైదరాబాద్ అంటే పోలీసులు అనుకున్నాడట ఆ దుకాణం మనిషి.

యోనా తలుపు దగ్గరికేశాడు. అడవి పక్కన ఉండేటోళ్లం, చెకింగుల పోలీసోళ్ల బిళ్ల దొరికితే ఏమని జెప్తవ్ అని బియ్యం డబ్బాలో దాచాడు. అన్నం వండినప్పుడల్లా చేతికి తగులుతోంది.

అక్టోబర్ 17

పోలీసుది కాదు, మిల్ట్రీది అని మళ్లీ రాయిస్తే, హైదరాబాద్ రెజిమెంటే లేదని దుకాణం వాడు జవాబిచ్చాడు. మరి నా కొడుకు లేనిదాన్ని రాశాడా?

అక్టోబర్ 22

చెక్కని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కి జూలూరుపాడు పోయా. అక్కడ బొజ్జయ్య ఉన్నాడు, మిల్ట్రీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి.

చూడగానే నవ్వాడు. చెల్లె, గివన్ని డూప్లికేట్లు గదా అన్నాడు. చెక్కని ఎత్తి దుప్పట్లో చుట్టేయబోయి ఆగా. నాకు తెలవదనుకున్నవా అన్నా, నకలు అని వాడే రాసిండు, సదువు అని నోటుబుక్కు ముందు పడేశా.

చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. చాయ్ చల్లారిపోయింది. పోరడు నాకంటె ఎక్కువ తెలుసుకున్నడు చెల్లె అన్నాడు.

హైదరాబాద్ రెజిమెంట్ ఉండేదట. నిజాం కాలంలో రస్సెల్ అనే దొర పెట్టిన పటాలం నుంచి వచ్చిందట. ఆ సింహం ఆ దొర ఇంటి గుర్తు. 1945లో పేరు మార్చి కుమావ్ రెజిమెంట్ అన్నారట. ఎక్కడో హిమాలయాల దగ్గర కొండల పేరు. పేరు తీసేసిన్రు గని సింహాన్ని తియ్యలే అన్నాడు.

బస్సులో అదే మాట అనుకుంటూ వచ్చా.

అక్టోబర్ 23

కుమావ్ అని మళ్లీ రాయించా. దొరికింది. ఫోన్లో ఫొటో చూశా. సిలువ పట్టుకునే ఉంది.

అక్టోబర్ 31

పార్సిల్ భద్రాచలం దాకా వచ్చి ఆగింది. ఈసారి ఓటీపీ కావాలట. తొందరలో స్తుతి జస్టిన్ పాత అకౌంట్ నుంచి ఆర్డర్ పెట్టింది. ఓటీపీ వాడి నంబరుకు పోయింది. ఆ సిమ్ము మేమే తీసేయించాం. పిల్ల ఏడుస్తోంది, దాన్ని తిట్టాలో ఊరుకోబెట్టాలో తెలియలేదు.

నేనే వంతెన దాటి కొరియర్ ఆఫీసుకు పోయా. కౌంటర్లో అతను తల ఎత్తకుండానే, గాయన్నే రమ్మనుర్రి అమ్మా అన్నాడు.

నేనూ అదే అడుగుతున్నా నాయనా, రోజూ.

నవంబర్ 2. సమాధుల పండుగ

తెల్లారే పోయాం. యోనా సున్నం వేశాడు. బంతిపూలు, కొవ్వొత్తులు. చెక్కని సిలువకి ఆనించా. ఇరవై మూడు. ఖాళీ మేకు ఎండకి మెరుస్తోంది. అందరూ దాన్నే చూస్తున్నట్టు అనిపించింది.

పక్క సమాధి దగ్గరకి వచ్చిన కన్నమ్మ, నీ కొడుకు మిల్ట్రీల జేసిండా వదినా అని అడిగింది.

చెయ్యలే అని యోనా అన్నాడు. సున్నం కుంచె చేతిలోనే ఉంది. పోదామనుకున్నడు, తీసుకోలే. ఇవి నకలు అన్నాడు.

నకిలీ అనలేదు. నేను విన్నా.

నవంబర్ 6

యోనా కూడా వచ్చాడు. కొరియర్ ఆఫీసులో డెత్ సర్టిఫికెట్ ఇచ్చాం. మేనేజరు చూసి, అసలుది మీ దగ్గరే పెట్టుకోర్రి, నకలు చాలు అన్నాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యోనానే జిరాక్స్ షాపుకి పోయి తెచ్చాడు. పార్సిల్ ఇచ్చారు.

నవంబర్ 7

24. పేరు: కుమావ్ రెజిమెంట్.
పాత పేరు: హైదరాబాద్.
గుర్తు: సింహం, చేతిలో సిలువ.
అసలా, నకలా: నకలు.
మేకు కొట్టింది: జస్టిన్.
తగిలించింది: నాయన.
రాసింది: అమ్మ.